మా వంటింట్లో జపాను క్రేపు

కథలు, కవితలు రాయగల మిత్రులు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నాకు ఆ విద్య రాదు. బి.ఎస్సీ. రసాయనశాస్త్రం చదువుతున్న రైతు బిడ్డను. కాబట్టి వేసవి సెలవుల్లో అచ్చంపేట దగ్గర మా ఊళ్ళో చేసిన ఒక ప్రయోగం గురించి రాస్తున్నాను. ప్రయోగశాల మా వంటిల్లే.

మొదలుపెట్టింది మా చెల్లె. టోక్యోలోని హరజుకు ప్రాంతంలో పిల్లలు పొట్లంలా చేతపట్టుకొని తినే క్రేపును ఫోనులో చూసి, అది చేసిపెట్టమని నా వెంటపడింది. క్రేపు అసలు ఫ్రాన్సు దేశపు వంట. జపాను వాళ్ళు 1970 దశకంలో దాన్ని తమ వీధి అంగళ్ళకు తెచ్చి, గిలక్కొట్టిన మీగడ, పండ్లు పెట్టి శంఖంలా చుట్టి అమ్మసాగారు. పలుచని రేకు మనకు కొత్తేమీ కాదు. ఆత్రేయపురం పూతరేకు దీనికంటే ఎంతో పలుచన.

రేకు సంగతి తొందరగా చెప్పేస్తాను. 100 గ్రాముల మైదా, రెండు కోడిగుడ్లు, పావు లీటరు పాలు, చెంచాడు చక్కెర, చెంచాడు కరిగిన వెన్న, చిటికెడు ఉప్పు. ఉండలు లేకుండా కలిపి గంటసేపు ఫ్రిజ్జులో పెట్టాలి. దోసె పిండిని ఉంచేది పులవడానికి. దీన్ని ఉంచేది మైదాలోని జిగురు బిగువు సడలడానికి. ఇది పులవకూడదు, పులిస్తే బుడగలు, బుడగలుంటే చిల్లులు, చిల్లుల్లోంచి మీగడ కారుతుంది. గుడ్డులోని మాంసకృత్తు వేడికి గట్టిపడి రేకును పట్టి ఉంచుతుంది కనుక చుట్టినా పగలదు. మా దోసె పెనం మీదనే, సన్నని సెగకు చక్కగా వచ్చింది. మొదటి రెండూ కుక్కకు పోయాయనుకోండి, అది వేరే సంగతి.

కష్టమంతా మీగడతోనే.

మాకు రెండు బర్రెలున్నాయి. పాలు కేంద్రానికి పోస్తాం. అక్కడ వెన్నశాతం చూసి ధర కడతారు. ఆ బిల్లుతోనే నా హాస్టలు ఖర్చు, చెల్లె పుస్తకాలు వెళ్ళాలి. అందుకని మొదటిసారి, ఇంటికి ఉంచుకున్న పాలు కాచినప్పుడు కట్టిన మూడు రోజుల మీగడ తీసుకొని మిట్టమధ్యాహ్నం కవ్వం పట్టాను. పది నిమిషాలకు పలుకులు పలుకులుగా వెన్న తేలింది, అడుగున నీళ్ళు. అమ్మ తొంగిచూసి, "వెన్న తీయనీకి ఇంత సదువు గావాల్నా బిడ్డా?" అంది.

ఎందుకట్లా అయింది? పాలలో కొవ్వు సన్నని గుళికలుగా ఉంటుంది. ఒక్కో గుళిక చుట్టూ పలుచని పొర ఉంటుంది. బాగా చల్లబరిస్తే లోపలి కొవ్వు కొంత గడ్డకట్టి స్ఫటికాలవుతుంది. అప్పుడు గిలకొడితే స్ఫటికాలు పొరను పొడుచుకొని బయటికి వస్తాయి. గుళికలు ఒకదానికొకటి అంటుకుంటాయి గాని పూర్తిగా కలిసిపోవు. గాలిబుడగల చుట్టూ గూడు కడతాయి. అదే నిలిచే నురగ. వేడిగా ఉంటే కొవ్వు మెత్తబడి గుళికలన్నీ ముద్దవుతాయి, గాలి పోతుంది. పైగా కాచిన పాల మీగడలో కొవ్వు అప్పటికే గడ్డలు కట్టి, మాంసకృత్తులతో కలిసి తెట్టెలా ఉంటుంది. అది వెన్నకు పనికొస్తుంది గాని నురగకు కాదు.

ఈ మాట చెబితే నాయనమ్మ నవ్వింది. చల్ల చిలికేటప్పుడు ఎండాకాలం కుండనీళ్ళు, చలికాలం గోరువెచ్చని నీళ్ళు ఆమె ఎన్నేళ్ళుగా పోస్తున్నదో!

నురగకు క్రీములో కనీసం 30 శాతం కొవ్వుండాలి. దుకాణంలో సాధారణంగా దొరికే క్రీములో 25 శాతమే ఉంటుంది, సరిగా నిలబడదు. కాబట్టి రెండు లీటర్ల పచ్చిపాలు అడిగాను. "ఆ పైసలు ఎవరిస్తరు?" అన్నాడు నాయిన. 7 శాతం లెక్కన వాటిలో 140 గ్రాముల కొవ్వు, అనగా 35 శాతం క్రీమైతే 400 గ్రాములు వస్తుందని, క్రీము తీసిన పాలు తోడుకు పనికొస్తాయని చెప్పాను. ఆయన లెక్కంతా విని, ఒక్కసారికే ఒప్పుకున్నాడు.

తెలిసినవారి మిషనులో క్రీము తీయించాను. పచ్చిది తినరాదు, రోగక్రిములుంటాయి. 66 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, వెంటనే చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టాను. (కళాశాల థర్మామీటరు కాదు సుమా, కొన్నదే!) తెల్లవారుజామున గిన్నెను మంచుగడ్డల్లో కుదిర్చి సగం క్రీము గిలకొట్టాను. కవ్వం ఎత్తితే నురగ మొనదేలి నిలబడింది. అక్కడే ఆపాలి. ఆ తర్వాతే చక్కెర కలిపి, పూర్తిగా చల్లారిన రేకులో కొల్లాపూరు మామిడి ముక్కలతో చుట్టి ఇచ్చాను.

చెల్లె రెండు తిన్నది. నాయిన ఒకటి తిని ఏమీ అనలేదు. మిగిలిన సగం క్రీమును ఎండ ఎక్కాక నాయనమ్మ చిలికి వెన్న తీసి నెయ్యి కాచింది. ఆ పదిహేను రోజుల పాలబిల్లులో రెండు లీటర్లు తక్కువే వచ్చాయి.