ఊపిరితిత్తులలో ఎడతెగని పోరు

సికింద్రాబాదులో బోయిగూడకు చేరువన, ఒకప్పుడు ముషీరాబాదు కారాగారమున్న చోట, 2003 నుండి గాంధీ ఆస్పత్రి నడుస్తున్నది. ఇటువంటి పెద్ద ఆస్పత్రులకు తల్లులు బిడ్డలను తీసుకొని వచ్చే కారణాలలో దగ్గు ముఖ్యమైనది. రెండు వారాలకు మించిన దగ్గు అనగానే మన దేశంలో మొదట క్షయను అనుమానిస్తారు. అది సమంజసమే. కాని పరీక్షలలో క్షయ తేలక, మందులు వాడినా దగ్గు తగ్గక, నానాటికీ చిక్కిపోయే పిల్లలు కొందరుంటారు. వారిలో బహు కొద్దిమందికి ఉండేది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి. ఇది ఐరోపా జాతులకే పరిమితమని చాలాకాలం భావించారు. మన దేశంలోనూ ఉన్నదని, గుర్తింపు లేకపోవడం వల్ల ఉన్నదానికంటె అరుదుగా కనబడుతున్నదని ఇప్పుడు వైద్యులు గ్రహించారు.

1938లో న్యూయార్కులో డొరొతీ ఆండర్సన్ అనే వైద్యురాలు ఈ వ్యాధిని ప్రత్యేకంగా వర్ణించారు. దీనికి మూలమైన జన్యువు 1989లో దొరికింది. కణాల పొరల గుండా ఉప్పు రాకపోకలను, వాటి వెంట నీటిని, సరిగా నడపడం ఆ జన్యువు చేయించే పని. అది చెడినప్పుడు శ్వాసనాళాలలోని శ్లేష్మం నీరింకిన చెరువులోని బురదవలె చిక్కబడుతుంది.

ఆరోగ్యవంతుల శ్వాసనాళాలలో కంటికి కనబడని సన్నని నూగు నిరంతరం కదులుతూ, పీల్చిన దుమ్మును, సూక్ష్మజీవులను పలుచని శ్లేష్మంతో పాటు పైకి నెట్టివేస్తుంది. ఈ వ్యాధిలో ఆ బురద కదలదు. అందులో చిక్కిన సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెడతవి. బాల్యంలో తరచు కనబడేది స్టెఫిలోకాకస్; వయస్సు పెరిగే కొద్దీ సూడోమోనాస్ అనే మరొక జాతి ప్రబలుతుంది. ఇది తన చుట్టూ జిగురు పొరను అల్లుకొని గుంపులుగా వసిస్తుంది. ఆ పొరను దాటి మందులు లోనికి చొరడం కష్టం.

మరి శరీరం ఊరకుంటుందా? ఊరకుండదు. రక్తంలోని తెల్లకణాలలో న్యూట్రోఫిల్ అనేవి లక్షలాదిగా శ్వాసనాళాలకు తరలివస్తవి. శత్రువును మింగి చంపడం వాటి ధర్మం. కాని జిగురు పొర మాటున ఉన్న గుంపును అవి మింగలేవు. మింగలేకనే చేతిలోని ఆయుధాలను వెదజల్లి అక్కడనే మరణిస్తవి. ఆ ఆయుధాలలో ఎలాస్టేజ్ అనే ఎంజైము ఒకటి. ఊపిరితిత్తులకు సాగే గుణాన్నిచ్చే తంతువులను అది కోసివేస్తుంది. శరీరం తయారుచేసుకొన్న ప్రతిరక్షకాలను సైతం తునుకలు చేస్తుంది. మరణించిన కణాల నుండి వెలువడిన డి.ఎన్.ఏ. కఫాన్ని మరింత జిగటగా మారుస్తుంది. అంటే యుద్ధం వల్లనే యుద్ధభూమి శత్రువుకు అనుకూలమవుతున్నది.

ప్రతిరక్షకాల సంగతి మరీ వింత. అవి ఎంత హెచ్చుగా ఉంటే రోగికి అంత మేలని మనమనుకొంటాము. డెన్మార్కులో నీల్స్ హోయిబీ మొదలైన శాస్త్రజ్ఞులు 1970 దశకంలో జరిపిన పరిశీలనలలో, సూడోమోనాస్‌పై ప్రతిరక్షకాలు హెచ్చుగా ఉన్న రోగుల ఊపిరితిత్తులే ఎక్కువగా చెడినట్లు తేలింది. కనుక ఈ పిల్లలకు రోగనిరోధక శక్తి తక్కువని అనుకోవడం పొరపాటు. శక్తి ఉన్నది, అది గురిని చేరక ఇంటినే కాల్చుతున్నది.

అట్లయితే ఆ శక్తిని అణచివేయవచ్చునా? స్టెరాయిడ్లు దీర్ఘకాలం ఇచ్చి చూచారు. కొంత మేలు కనబడినా పిల్లల ఎదుగుదల కుంటుపడింది. అందువల్ల బురదను తొలగించడానికే ప్రాధాన్యమిస్తారు. రోజూ రొమ్మును, వీపును తట్టి కఫాన్ని జార్చడం, ఉప్పునీటి ఆవిరి పీల్పించడం, సూక్ష్మజీవి తొలిసారి కనబడగానే గట్టి మందులివ్వడం ఈ చికిత్సలోని భాగాలు. జన్యుదోషం వల్ల చెడిన పనిని చక్కదిద్దే మాత్రలు 2012 నుండి వచ్చినవి. 2019లో మూడు మందుల కలయిక వచ్చిన తరువాత ఎందరికో ఆయుర్దాయం పెరిగింది. కాని వాటి వెల సామాన్య కుటుంబాలకు అందనిది.

మన తెలుగు ఇండ్లలో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. తల్లిదండ్రులిద్దరిలోనూ దోషమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటే, వారు ఆరోగ్యంగానే కనబడుతారు. అయినా ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఒకే దోషం ఇరువైపుల నుండి వచ్చి కలిసే సంభావ్యత హెచ్చు.

బిడ్డను ముద్దాడినప్పుడు నుదురు మరీ ఉప్పగా తగలడం, పదే పదే న్యుమోనియా రావడం, తిన్నది ఒంటబట్టక జిడ్డుగా విరేచనం కావడం, వీటిని వైద్యునికి తప్పక చెప్పవలెను. చెమటలోని క్లోరైడును కొలిచే పరీక్ష ఒకటున్నది. అది లీటరుకు 60 మిల్లీమోల్ లేక అంతకు మించి ఉంటే అనుమానం బలపడుతుంది. నొప్పి లేని పరీక్ష ఇది. ఊపిరితిత్తులు పాడు కాకముందే దీనిని చేయించిన బిడ్డకు, చికిత్సతో గడించుకొనే సంవత్సరాలు ఎక్కువ.