పాత బుల్లెట్టా, కొత్త బుల్లెట్టా?

పాత మోటారు సైకిళ్లను అపురూపంగా కాపాడుకొనే వారి ముందు ఇప్పుడొక ప్రశ్న ఉంది. నిత్య ప్రయాణానికి ఆ బండే చాలునా, కొత్తది కొనవలసిందేనా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌నే తీసుకుంటే, పోత ఇనుము ఇంజిన్ గల పాత బండ్లలో చాలావాటికి గేర్లు కుడికాలి వైపు, వెనుక బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. నేటి బుల్లెట్‌లో ఇది తారుమారైంది. దశాబ్దాల అలవాటు గలవారు కంగారులో బ్రేకు అనుకొని గేరు తొక్కే ప్రమాదముంది. అయితే, హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొత్త బండికి పెద్ద బలం. పాతదాన్ని ఊరి మెకానిక్ స్పానర్లతోనే సరిచేయగలడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ గల కొత్తదానిలో లోపం పట్టుకోవడానికి తరచూ ఎలక్ట్రానిక్ పరికరం కావాలి.

ఇంధనమూ ముఖ్యమే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడితే పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలను మార్చుకోవలసి రావచ్చు.

ఇక నిబంధనల విషయానికి వస్తే, 2021 నాటి కేంద్ర నియమావళి ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మౌలిక మార్పులు లేని వాహనాలకే వింటేజ్ హోదా లభిస్తుంది. వాటికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ఆ హోదా 2035కు ముందు దక్కదు. అంతవరకు 15 ఏళ్లు నిండిన ఇతర బండ్ల మాదిరిగానే రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి.

వింటేజ్ హోదా పొందిన వాహనాన్ని నిత్య రాకపోకలకు వాడరాదు. కనుక ఆ గౌరవం కోరుకొనే యజమానికి రోజువారీ పనులకు మరో బండి ఎలాగూ అవసరమే.