కనిపించని లోపం – వినియోగదారుని హక్కు

వస్తువును కొన్న క్షణంలోనే దాని గుణదోషాలన్నీ బయటపడవు. కుండను కొనేవాడు వేలితో తట్టి చూస్తాడు. అది పలికిన తీరును బట్టి పగులు ఉన్నదీ లేనిదీ గ్రహిస్తాడు. కాని విత్తనాన్ని తట్టి చూస్తే ఏమి తెలుస్తుంది? అది మొలిచేదో మొలవనిదో మట్టిలో పడ్డ తరువాత గాని తెలియదు. ఇలా వస్తువు చేతికి అందిన కొన్నాళ్లకు బయటపడే లోపం విషయంలో కొన్నవానికి గల హక్కు ఏమిటో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఈ సమస్యను మన ప్రాచీనులు ఏనాడో గుర్తించారు. కుదిరిన బేరాన్ని రద్దు చేసికొనే అవకాశాన్ని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ‘అనుశయం’ అన్నాడు. వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, గోపాలకులకు ఐదు రాత్రులు అందుకు గడువుగా నిర్ణయించాడు. యాజ్ఞవల్క్య స్మృతి మరొక అడుగు ముందుకు వేసి, వస్తువును బట్టి పరీక్షా కాలాన్ని నిర్దేశించింది. ఇనుముకు ఒక దినం, పాడి పశువుకు మూడు దినాలు, బరువు మోసే పశువుకు ఐదు, రత్నాలకు ఏడు, విత్తనాలకు పది దినాలు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన ‘మితాక్షర’ వ్యాఖ్య ఆధారంగానే 13వ శతాబ్దంలో కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయము’ రచించాడు. లోపం బయటపడడానికి ఎంత కాలం పడుతుందో, పరీక్షకు అంత కాలం ఇవ్వాలన్నదే ఈ లెక్కలలోని న్యాయం.

నేటి చట్టాలలోనూ ఈ న్యాయం ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, ముందుగా పరీక్షించని వస్తువును పరీక్షించడానికి తగిన అవకాశం లభించేంతవరకు కొనుగోలుదారు దానిని అంగీకరించినట్లు కాదు. కాబట్టి సరుకు తెచ్చిన వ్యక్తి చూపిన కాగితంపై సంతకం చేయడం, అతనికి ఓటీపీ చెప్పడం సరుకు ముట్టిందనడానికి మాత్రమే నిదర్శనాలు. పెట్టె లోపల ఉన్నది నిర్దుష్టమైన వస్తువే అనడానికి అవి సాక్ష్యాలు కావు. వస్తువును అంగీకరించిన తరువాత సైతం, అందులోని లోపం వలన కలిగిన నష్టానికి పరిహారం కోరవచ్చు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల వారికి ఈ విషయం మరీ ముఖ్యమైనది. ఒకనాడు ద్రాక్షతోటలకూ కూరగాయల సాగుకూ పేరుపడిన పల్లెలివి. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి సాగిపోతాయి. ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ కలుపుతుంది. ఈ దారుల వెంట నేడు గోదాములు, విత్తన సంస్థలు, కొత్త కాలనీలు వెలిశాయి. ఒక ఇంటికి ఫ్రిజ్ వస్తుంది, పక్క పొలానికి బోరు మోటారు వస్తుంది, మరొక రైతుకు విత్తనాల సంచి వస్తుంది. మూడింటికీ పైపూత బాగానే ఉంటుంది. ఫ్రిజ్ లోపం నెలకు, మోటారు లోపం నీటి తడి అవసరమైన వేళకు, విత్తనాల లోపం అదను దాటిన తరువాత బయటపడవచ్చు. ఫ్రిజ్ చెడితే మార్చుకోవచ్చు. దాటిన అదను మాత్రం తిరిగి రాదు.

ఇటువంటి రైతుల గోడు సుప్రీం కోర్టు వరకు వెళ్లింది. జాతీయ విత్తన సంస్థ నుండి విత్తనాలు కొన్న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు పంట నష్టపోయి జిల్లా వినియోగదారుల ఫోరంలను ఆశ్రయించారు. విత్తనాలకు 1966 నాటి ప్రత్యేక చట్టం ఉన్నందున ఫోరంలకు అధికారం లేదని, రైతులు వ్యాపారం కోసం కొన్నారు గనుక వినియోగదారులు కారని, విత్తనాలను ప్రయోగశాలలో పరీక్షించలేదని సంస్థ వాదించింది. 2012 జనవరి 16న సుప్రీం కోర్టు ఈ వాదాలను తిరస్కరించింది. రైతు కొన్న విత్తనమంతా పొలంలో చల్లుతాడే గాని, రేపు పరీక్షకు పనికివస్తుందని గుప్పెడు దాచుకోడని పేర్కొన్నది. పరీక్ష అవసరమనుకుంటే సంస్థే తన వద్ద గల నమూనాను సమర్పించి ఉండవచ్చునన్నది. అమ్మిన ప్రతి విత్తన రాశి వివరాలను మూడేళ్లపాటు భద్రపరచాలని విత్తన నియమావళి అమ్మకందారులనే ఆదేశిస్తున్నది. కొన్నవాడు చూపలేని సాక్ష్యం అమ్మినవాని వద్ద ఉంటే, అది లేదన్న నెపంతో కొన్నవానికి న్యాయం నిరాకరించరాదన్నది ఈ తీర్పు నేర్పే పాఠం.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. ఫోరంలు కమిషన్లయ్యాయి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 దినాలలో, తిరిగి తీసికొని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అటువంటిదే. ఆన్‌లైన్ వ్యాపార సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అలా పరిష్కారం కాకపోతే 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను సంప్రదించవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మూల్యం 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. సంస్థ కార్యాలయం ఏ దూర నగరంలో ఉన్నా, వినియోగదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వ్యాజ్య కారణం ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి.

హక్కు ఉన్నంత మాత్రాన ఫలితం దానంతట అది రాదు. లోపాన్ని నిరూపించే బాధ్యత సాధారణంగా ఫిర్యాదుదారునిదే. కనుక బిల్లు, వారంటీ పత్రం, విత్తన సంచి, దానిపై గల లాట్ సంఖ్య భద్రపరచాలి. లోపం కనిపించిన నాడే ఛాయాచిత్రాలు తీసి, అమ్మినవారికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. పైరు విషయంలో అది పొలంలో ఉండగానే వ్యవసాయాధికారిని పిలిపించి నివేదిక పొందాలి. తన అజాగ్రత్త వలన చెడిన వస్తువుకు పరిహారం కోరడం మాత్రం న్యాయం కాదు.

కొనుగోలు అన్నది నమ్మకంతో కూడిన ఒప్పందం. ఆ నమ్మకం సరుకు గుమ్మం దాటడంతో ముగియదు. విత్తనం మొలకెత్తేవరకు, యంత్రం చెప్పినంత కాలం పనిచేసేవరకు అది నిలవాలి. పంట పోయిన రైతు తనది తలరాత అనుకొని మిన్నకుండక, చేతిలోని బిల్లును చూపి తన హక్కును అడగగలిగిన నాడే చట్టం సార్థకమవుతుంది.

ప్రశ్నలు

1. ‘అనుశయం’ అనగానేమి? యాజ్ఞవల్క్య స్మృతి వస్తువును బట్టి పరీక్షా కాలాన్ని ఎందుకు వేరుగా నిర్దేశించింది?
2. విత్తన రైతుల వ్యాజ్యంలో సంస్థ చేసిన వాదాలేవి? సుప్రీం కోర్టు ఏమని తీర్పు చెప్పింది?
3. మీ ఇంటికి వచ్చిన వస్తువులో నెల తరువాత లోపం బయటపడితే మీరు తీసికొనే చర్యలను క్రమంగా వివరించండి.