పాత హీరో మళ్లీ మన జట్టులోకా?

2009 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరంలో బేస్‌బాల్ అభిమానులు రెండు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. వాదన అంతా ఒక్క మనిషి గురించి. కెన్ గ్రిఫీ జూనియర్ తొమ్మిదేళ్ల కిందట సియాటిల్ మారినర్స్ జట్టును వదిలి వెళ్లిపోయాడు. అప్పటికి అతనికి 39 ఏళ్లు నిండాయి, కొన్ని నెలల ముందే మోకాలికి శస్త్రచికిత్స అయింది, చేతిలో ఏ క్లబ్బు ఒప్పందమూ లేదు. అతణ్ణి మళ్లీ తీసుకోవాలా? తీసుకోవాలన్నవారికి అది అసలు ప్రశ్నే కాదు. విచిత్రమేమంటే, వద్దన్నవారిలోనూ చాలామంది అతని ఆట చూస్తూ పెరిగినవారే.

గ్రిఫీ సియాటిల్‌కు ఏమవుతాడో తెలియకపోతే ఆ పట్టుదల అర్థం కాదు. 1977లో పుట్టిన మారినర్స్ జట్టు మొదటి 14 ఏళ్లలో ఒక్క సీజన్‌లో కూడా ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు చూడలేదు. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1987లో తొలి అవకాశం ఆ జట్టుకు దక్కింది. 17 ఏళ్ల గ్రిఫీని తీసుకుంది. 19 ఏళ్లకు అతను మేజర్ లీగ్ మైదానంలో దిగాడు. మరుసటి ఏడాది అతని తండ్రి కెన్ గ్రిఫీ సీనియర్ కూడా అదే జట్టులో చేరాడు. 1990 సెప్టెంబరు 14న తండ్రి హోమ్ రన్ కొట్టాడు, ఆ వెంటనే బ్యాటింగ్‌కు వచ్చిన కొడుకు మరొకటి కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే, కాకపోతే చాలా అరుదు: ఏడాదిలో 30 కొడితే గొప్ప బ్యాటర్ కింద లెక్క. గ్రిఫీ 1997లో 56, 1998లో మరో 56 కొట్టాడు. 1997లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా అతణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారం వరుసగా పదేళ్లు అతనిదే.

అంకెల కన్నా ఊరివాళ్లు ఎక్కువగా చెప్పుకునేది 1995 అక్టోబరు గురించి. కొత్త స్టేడియం కట్టకపోతే జట్టు ఊరు మారిపోతుందన్న భయం అప్పుడు నగరాన్ని పట్టి పీడిస్తోంది. స్టేడియం కోసం పన్ను వేయాలా అని సెప్టెంబరులో జరిపిన ఓటింగ్‌లో ప్రజలు స్వల్ప తేడాతో కాదన్నారు కూడా. ఆ తరువాత జట్టు తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది. న్యూయార్క్ యాంకీస్‌తో నిర్ణాయక మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్‌లో ఎడ్గార్ మార్టినెజ్ బంతిని బాదగానే మొదటి బేస్ దగ్గరున్న గ్రిఫీ ఆగకుండా పరుగెత్తి హోమ్ ప్లేట్ చేరి గెలుపు పరుగు తెచ్చాడు. యాంకీస్ ఇంటిదారి పట్టింది. అదే నెలలో వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ కొత్త స్టేడియానికి నిధులు మంజూరు చేసింది. 1999 జులైలో తెరుచుకున్న ఆ సేఫ్‌కో ఫీల్డ్‌ను గ్రిఫీ కట్టించిన ఇల్లు అని జనం అనుకున్నారంటే అందులో అతిశయోక్తి కొంతే.

ఆ ఇంట్లో అతను ఉన్నది సగం సీజన్ మాత్రమే. కుటుంబం ఉండే ఫ్లోరిడాకు దగ్గరగా ఉండాలనుకున్నాడు. 2000 ఫిబ్రవరిలో మారినర్స్ అతణ్ణి సిన్సినాటి రెడ్స్‌కు ఇచ్చి, బదులుగా నలుగురు ఆటగాళ్లను తీసుకుంది. సిన్సినాటి అతను పెరిగిన ఊరే. సియాటిల్ జనం నొచ్చుకున్నారు. అయితే అతను లేకుండానే 2001లో మారినర్స్ 162 మ్యాచ్‌లలో 116 గెలిచి మేజర్ లీగ్ రికార్డును సమం చేసింది. సిన్సినాటిలో గ్రిఫీని మాత్రం గాయాలు ఏడాది తరువాత ఏడాది వెంటాడాయి. 2007 జూన్‌లో ప్రత్యర్థి జట్టు ఆటగాడిగా సియాటిల్ వచ్చినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ సిరీస్ చివరి రోజు అతను రెండు హోమ్ రన్లు కొట్టాడు. తిరిగి రావాలన్న మాట ఊళ్లో బలపడింది అప్పుడే.

ఈలోగా మారినర్స్ దశ తిరగబడింది. 2008లో పది కోట్ల డాలర్లకు పైగా జీతాలిచ్చి 101 మ్యాచ్‌లు ఓడింది. అంత ఖర్చుపెట్టి వంద ఓటములు మూటగట్టుకున్న జట్టు అంతకు ముందు లేదు. ఆటగాళ్ల మధ్య సఖ్యత లేదని పత్రికలు రాశాయి. జాక్ జురెన్సిక్ అనే కొత్త జనరల్ మేనేజర్, డాన్ వాకమట్సు అనే కొత్త మేనేజర్ వచ్చారు. బేస్‌బాల్‌లో జట్టును కూర్చేవాడు జనరల్ మేనేజర్, మైదానంలో నడిపేవాడు మేనేజర్. గ్రిఫీ విషయం వారి ముందుకొచ్చింది ఈ పరిస్థితిలో.

వద్దన్నవారి వాదన లెక్కల మీద నిలబడింది. బ్యాటర్లు సాధారణంగా 26 నుంచి 29 ఏళ్ల మధ్య శిఖరాన ఉంటారు, ముప్పై అయిదు దాటాక దిగజారడం వేగంగా ఉంటుంది. 2008లో గ్రిఫీ బ్యాటింగ్ సగటు 0.249, హోమ్ రన్లు 18. బేస్‌బాల్ సగటుకూ క్రికెట్ సగటుకూ పొంతన లేదు. బ్యాట్ పట్టిన వెయ్యి సందర్భాల్లో ఎన్నిసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరాడన్నదే ఇక్కడి లెక్క, 0.300 గొప్ప, 0.250 మామూలు, 0.200 కిందికి జారితే జట్టులో చోటుకే ముప్పు. సగటు అంకెను పక్కన పెట్టినా, మోకాలు దెబ్బతిన్న మనిషి ఫీల్డింగ్ చేయలేడు. అంటే అతణ్ణి డెజిగ్నేటెడ్ హిట్టర్‌గానే వాడాలి: బంతి విసిరే పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానమది. అప్పట్లో జట్టుకు 25 మంది. పిచర్లకు పన్నెండు చోట్లు పోగా, బ్యాటింగ్ వరుసలోని తొమ్మిది మంది పోగా బెంచీ మీద మిగిలేది నలుగురు. అందులో ఒకరు మైదానంలోకి దిగలేనివాడైతే మేనేజర్ చేతులు కట్టేసినట్టే. పైగా 101 మ్యాచ్‌లు ఓడిన జట్టు కుర్రాళ్లకు అవకాశం ఇవ్వాల్సిన సమయమిది. కనీస జీతం 4 లక్షల డాలర్లకు దొరికే కుర్రాడి కన్నా ఈ పెద్దాయన ఎంత మేలు చేస్తాడో అంకెల్లో చూపించమని వారు అడిగారు. ‘మనీబాల్’ పుస్తకం 2003లో వచ్చాక ఇలా అడగడం నేర్చిన అభిమానుల తరం ఒకటి తయారైంది.

కావాలన్నవారి దగ్గరా లెక్కలు లేకపోలేదు. గ్రిఫీ ఎడమచేతి బ్యాటర్. సేఫ్‌కో ఫీల్డ్ ఎడమచేతివారికి కాస్త అనుకూలం. ఎడమచేతివారు కుడిచేతి పిచర్లను బాగా ఆడతారు కాబట్టి వారి మీదే దింపవచ్చు. ఎడమచేతి బ్యాటర్ రౌల్ ఇబానెజ్ అప్పుడే ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు, ఆ ఖాళీ నింపాలి. ఒప్పందం ఒక్క ఏడాదికే, ఖర్చు తక్కువ. కానీ ఇవన్నీ పైపై మాటలే. అసలు మాట వేరు: చెత్తగా ఆడుతున్న జట్టును డబ్బిచ్చి చూస్తున్నది తాము, ఆ జట్టును నిలబెట్టినవాణ్ణి ఒక్క ఏడాది తమ కళ్ల ముందు ఆడనివ్వమని వారు అడుగుతున్నారు. ఒకరు జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుందని చూస్తే, మరొకరు జట్టు ఎవరిదని చూశారు. ప్రశ్నలు రెండు కావడం వల్లే ఎవరి జవాబూ ఎదుటివారికి రుచించలేదు.

గ్రిఫీ కూడా తడబడ్డాడు. అట్లాంటా బ్రేవ్స్ అతణ్ణి పిలిచింది. ఆ జట్టు వేసవికి ముందు సాధన చేసేది ఫ్లోరిడాలో, అతని ఇంటికి దగ్గరలో; మారినర్స్ శిబిరం అరిజోనాలో. అట్లాంటాకే ఖాయమైందని అక్కడి పత్రిక రాసేసింది కూడా. మరునాడు, ఫిబ్రవరి 18న, అతను సియాటిల్‌ను ఎంచుకున్నాడు. ఖాయంగా దక్కేది 20 లక్షల డాలర్లు, పైన బోనస్‌లు.

ఏప్రిల్‌లో సీజన్ తొలి మ్యాచ్‌లోనే మిన్నెసోటా మీద హోమ్ రన్ కొట్టాడు. ఏడాది చివరికి సగటు 0.214, హోమ్ రన్లు 19. లెక్కలవాళ్లు చెప్పినట్టే జరిగింది. అయితే జట్టు 61 గెలుపుల నుంచి 85కు ఎగబాకింది. ముభావిగా పేరుపడ్డ సహచరుడు ఇచిరో సుజుకీని గ్రిఫీ డ్రెస్సింగ్ రూంలో చక్కిలిగింతలు పెట్టి నవ్వించేవాడు. చివరి మ్యాచ్ ముగిశాక సహచరులు గ్రిఫీని, ఇచిరోను భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిప్పారు. ఆ 24 గెలుపుల్లో ఎన్ని గ్రిఫీ నవ్వుల వల్ల వచ్చాయో తేల్చగలిగిన సూత్రం లేదు. ఎక్కువ పుణ్యం 19 మ్యాచ్‌లు గెలిపించిన పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్‌కూ, కొత్తగా వచ్చిన మంచి ఫీల్డర్లకూ దక్కాలి. గ్రిఫీ పేరు చూసి జనం ఎగబడతారన్న ఆశ కూడా తీరలేదు. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ ఏడాది స్టేడియానికి వచ్చినవారు దాదాపు 22 లక్షలు. అంతకు ముందు ఏడాది 23 లక్షలు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. భుజాల మీద ఊరేగిన మనిషికి ఇక చాలు అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అతనికీ లేదు. 2010కి మరో ఒప్పందం రాశారు. ఈసారి 33 మ్యాచ్‌ల్లో సగటు 0.184, హోమ్ రన్ ఒక్కటీ లేదు. మే నెలలో, మ్యాచ్ జరుగుతుండగా అతను డ్రెస్సింగ్ రూంలో నిద్రపోయాడని టకోమా పత్రిక ఒకటి రాసింది. క్లబ్బు ఖండించినా మాట ఊరంతా పాకింది. ఒకప్పుడు అతణ్ణి తీసుకోమన్నవారే తప్పించమని కోరడం, వద్దన్నవారు జాలిపడటం అప్పుడు జరిగాయి. జూన్ 2న రిటైర్మెంట్ ప్రకటన వెలువడింది. వీడ్కోలు మ్యాచ్ లేదు, ప్రసంగం లేదు. అతను అప్పటికే కారెక్కి ఫ్లోరిడా దారి పట్టాడు. ఆ ఏడాది జట్టు మళ్లీ 101 ఓడింది, వాకమట్సు ఉద్యోగం ఆగస్టులో పోయింది.

ఇలాంటి పునరాగమనాలు బేస్‌బాల్‌లో కొత్త కాదు. న్యూయార్క్ జెయింట్స్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలిపోయినప్పుడు దానితోపాటే వెళ్లిన విల్లీ మేస్, 1972లో మెట్స్ ఆటగాడిగా న్యూయార్క్ తిరిగొచ్చాడు. తొలి మ్యాచ్‌లోనే పాత జట్టు మీద హోమ్ రన్ కొట్టాడు. మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్‌లో బంతి వెంట పరుగెత్తుతూ తూలిపడ్డాడు. పాత తారను తిరిగి తేవద్దనేవారు నేటికీ ఎత్తిచూపే దృశ్యం అదే. పిచర్ టామ్ సీవర్ కథ మరోలా ముగిసింది. 1977లో వదులుకున్న అతణ్ణి మెట్స్ 1983 సీజన్‌కు తెచ్చుకుని, రక్షిత ఆటగాళ్ల జాబితాలో పేరు పెట్టకపోవడంతో 1984 జనవరిలో షికాగో వైట్ సాక్స్ పరం చేసుకుంది. అతని 300వ గెలుపు 1985లో న్యూయార్క్‌లోనే వచ్చింది, కాకపోతే షికాగో చొక్కాలో.

రిటైరై మనసు మార్చుకోవడం దీనికి దగ్గరిదే కానీ ఇదే కాదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2019 జులైలో క్రికెట్‌కు స్వస్తి చెప్పి ఆగస్టులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాడు. అది ఆటగాడు తన నిర్ణయంతో తాను పడిన పెనుగులాట. గ్రిఫీ విషయంలో ఊరు తన జ్ఞాపకంతో తాను తగువుపడింది.

సియాటిల్ అనుభవానికి మంచి జవాబు 2022లో సెయింట్ లూయిస్ నుంచి వచ్చింది. ఆల్బర్ట్ పూహోల్స్ కార్డినల్స్ జట్టుకు 11 సీజన్లు ఆడి రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిపించి, పదేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందంతో 2011 చివర్లో ఏంజెల్స్‌కు వెళ్లిపోయాడు. 2021లో ఏంజెల్స్ అతణ్ణి వదిలేసింది. 42 ఏళ్ల వయసులో కార్డినల్స్ మళ్లీ తీసుకున్నప్పుడు అభిమానులు సియాటిల్ వాదననే మళ్లీ వాదించుకున్నారు. ఈసారి షరతులు స్పష్టంగా ఉన్నాయి: ఒక్క ఏడాది, 25 లక్షల డాలర్లు, ఇదే ఆఖరి సీజన్ అని పూహోల్స్ ముందే చెప్పాడు, ప్రధానంగా ఎడమచేతి పిచర్ల మీద ఆడతాడు. నేషనల్ లీగ్‌లోనూ డెజిగ్నేటెడ్ హిట్టర్ నియమం అదే ఏడాది వచ్చింది. సీజన్ సగం చప్పగా సాగింది. తరువాత బ్యాట్ లేచింది. 24 హోమ్ రన్లలో 18 ఆల్‌స్టార్ విరామం తరువాత కొట్టినవే. సెప్టెంబరు 23న 700వ హోమ్ రన్ కొట్టి, మొత్తం 703తో ముగించాడు. అతనికన్నా ముందున్నవారు బ్యారీ బాండ్స్, హ్యాంక్ ఆరన్, బేబ్ రూత్ ముగ్గురే.

మారినర్స్ కూడా కొంత నేర్చుకుంది. 2018లో 44 ఏళ్ల ఇచిరోను తిరిగి తీసుకున్నప్పుడు 15 మ్యాచ్‌లు ఆడించి, మే నెలలో సలహాదారు పదవిలోకి మార్చింది. 2019 మార్చిలో టోక్యోలో రెండు మ్యాచ్‌లు ఆడించి, సొంత దేశపు ప్రేక్షకుల ముందు వీడ్కోలు ఇచ్చింది. గ్రిఫీకి దక్కనిది అదే.

గ్రిఫీ మీద సియాటిల్‌కు కోపం నిలవలేదు. 2016లో 440 ఓట్లలో 437 పొంది హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆ ఏడాదే మారినర్స్ అతని 24వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. 2021లో క్లబ్బు యజమానుల్లో ఒకడయ్యాడు. 2009 నాటి తగవులో తీర్పు చెప్పాల్సి వస్తే ఇంతే: మొదటి ఒప్పందం ఇవ్వడం తప్పు కాదు, రెండోది ఇవ్వడం తప్పు.