అంత్యకాల శుశ్రూష

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915 నాటికే క్షయరోగులకు శానిటోరియము వెలసెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు ఆ వ్యాధికి సూటియైన మందు లేకుండెను. అయినను గాలి, వెలుతురు, పుష్టికరమైన ఆహారము, ఓర్పుగల పరిచర్య రోగికి అందెను. మాన్పలేని రోగిని విడువరాదనుట ఈ సీమకు క్రొత్త పాఠము కాదు.

నేడు పుంగనూరులోనో కుప్పములోనో ఇంటిపెద్దకు కాన్సరు ముదిరి, చికిత్స ఇక ఫలింపదని తేలినపుడు, కుటుంబమువారికి రెండు దారులే తోచుచున్నవి: పొలమమ్మి దూరనగరమున యంత్రములకు అప్పగించుట, లేదా ఇంట నొప్పికి వదలుట. మూడవది ఉపశమన శుశ్రూష. హైదరాబాదున స్పర్శ్ హాస్పిస్ 2011 నుండి దీనిని ఉచితముగా నడుపుచున్నది.

అట్టి సంస్థ నెన్నుకొనువారు కట్టడము నందము చూడరాదు. ఈ ప్రశ్నలు వేయవలెను. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఇత్తురా? దానిని పొందుట సులభమగునట్లు 2014లో పార్లమెంటు చట్టమును సవరించినది. నర్సు ఇంటికి వచ్చునా? అర్ధరాత్రి పిలిచిన పలుకువారెవరు? పుండు కడుగుట, ప్రక్క మార్చుట ఇంటివారికి నేర్పుదురా? వ్యయమెంతయో ముందే వ్రాసి యిత్తురా?

అన్నిటికంటె ముందు రోగి కోరికను రోగినే యడుగవలెను. ఫలము లేని యంత్రచికిత్స వలదని ముందుగా వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018లో అంగీకరించినది. కుప్పమున వైద్యకళాశాల గలదు. మదనపల్లెకు శతాబ్దపు సేవానుభవము గలదు. ఈ తావులలోనే కొన్ని పడకలు, ఇంటింటికి తిరుగు నర్సులు ఏర్పడునట్లు పెద్దలు పూనుకొందురుగాక. బిడ్డల నడుమ, నొప్పి లేక కన్నుమూయుట ధనికుల భాగ్యము మాత్రమే కారాదు.