ఎగరేసిన సూచికను దించేదెవరు?

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందంటే చాలు, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల పేర్లు వార్తల్లోకి వస్తాయి. ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని చెబుతారు. పగలు స్తంభానికి వేలాడే శంకువులు, స్తూపాకారాలు, రాత్రయితే ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. 19వ శతాబ్దంలోనే రేవుల్లో మొదలైన ఈ పద్ధతిలో మనం అంతగా గుర్తించని సుగుణం ఒకటుంది. ఎగరేసిన సూచికను దించితే తప్ప ఆ పని పూర్తయినట్టు కాదు. స్తంభం మీద ఉన్నంతసేపూ అది చెల్లుతుంది, దించగానే అందరికీ ఒకేసారి చెల్లకుండా పోతుంది. హెచ్చరిక రేడియోలోకి, ఆపైన ఫోన్‌లోకి వచ్చేసరికి వేగం పెరిగింది గాని ఈ దించే పని తప్పిపోయింది. జేబుల్లోకి చేరిపోయిన సందేశాన్ని ఎవరు దించాలి? సందేశమే తన గడువును వెంట తెచ్చుకోవాలన్నది నా వాదన. ముప్పు ఎప్పుడొస్తుందో చెప్పి, ఆ మాట ఎప్పటిదాకా నమ్మవచ్చో చెప్పకపోతే అది సగం హెచ్చరికే.

ఈ ఆలోచన కొత్తది కాదు. మామూలు ఎస్ఎంఎస్‌లోనే అందుకు చోటుంది. అందుకోవలసిన ఫోన్ ఆగిపోయి ఉంటే నెట్‌వర్క్ ఆ సందేశాన్ని ఎంతసేపు దాచాలో పంపేవారు నిర్ణయించవచ్చు, తక్కువలో తక్కువ 5 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 63 వారాలు. అయితే అది చేరవేతకు గడువే గాని, అందులోని కబురుకు గడువు కాదు. కబురుకే గడువు రాసే ఏర్పాటు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్‌తో వచ్చింది. ప్రమాద హెచ్చరికలను అన్ని యంత్రాలూ ఒకే తీరులో చదవగలగాలని 2001లో అమెరికాలో ఆర్ట్ బాటరెల్ తదితర విపత్తు నిర్వాహకులు మొదలుపెట్టిన కృషి ఇది. 2004లో ఒయాసిస్ సంస్థ దీన్ని ప్రమాణంగా ఆమోదించింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన ‘సచేత్’ వ్యవస్థకూ ఇదే పునాది. ఇందులో ప్రతి హెచ్చరికకూ పంపిన వేళ, అమల్లోకి వచ్చే వేళ, ముప్పు మొదలయ్యే వేళ, హెచ్చరిక గడువు ముగిసే వేళ రాయడానికి వేర్వేరు గడులున్నాయి. విచారించవలసిన సంగతేమంటే, ముగిసే వేళ నింపడం తప్పనిసరి కాదు. అది ఖాళీగా ఉంటే హెచ్చరికను ఎంతసేపు చూపించాలో అందుకున్నవారే నిర్ణయించుకోవచ్చని ప్రమాణం చెబుతోంది. దాంతో ఒకే పిడుగు హెచ్చరిక ఒక యాప్‌లో గంటకే మాయమై, మరో యాప్‌లో మర్నాటిదాకా ఉండిపోవచ్చు. బ్రౌజర్లకు కబురంపే వెబ్ పుష్ ప్రమాణం 2016లో దీనికి భిన్నమైన దారి పట్టింది. ఎన్ని సెకన్లు బతకాలో చెప్పని సందేశాన్ని సర్వర్ తీసుకోనే తీసుకోదు, తిప్పి పంపేస్తుంది. ఈ రెంటిలో నాకు రెండోదే సరైనదనిపిస్తుంది.

గడువు రాసినంత మాత్రాన సరిపోదు, అది ఫోన్‌లో నిజంగా అమలు కావాలి. మూడు గంటల తర్వాత తుడిచెయ్యమని ఒక టైమర్ పెట్టేసి ఊరుకోవడం తేలిక. కానీ తెర ఆరిపోయాక, హెచ్చరిక చూపే పేజీ వెనక్కి పోయాక బ్రౌజర్ ఆ టైమర్‌ను మందగింపజేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తుంది. పైగా ఆ మూడు గంటలు ఎక్కణ్నుంచి లెక్క? రాత్రంతా సిగ్నల్ లేక పొద్దున అందుకున్న ఫోన్ మూడు గంటలనూ పొద్దున్నుంచే లెక్కపెడుతుంది. అందుకే ‘ఇంకా ఇన్ని గంటలు’ అని కాకుండా ‘ఫలానా తేదీ, ఫలానా సమయం వరకు’ అని రాయాలి. తెర వెలిగిన ప్రతిసారీ ఆ వేళను ఇప్పటి వేళతో పోల్చాలి. ఫోన్ గడియారం తప్పయ్యే వీలుంది కాబట్టి సర్వర్ గడియారంతో సరిచూసుకోవాలి.

గడువు పెడితే ప్రమాదమనేవారూ ఉన్నారు. తుపాను ఆలస్యమైతే హెచ్చరిక ముందే ఆరిపోయి జనం చిక్కుకుపోతారని వారి భయం. అది తీసిపారేయదగిన భయం కాదు. అయితే తీరానికి చేరువైన తుపానుపై వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తూనే ఉంటుంది. తర్వాతి బులెటిన్ వేళకు కాస్త అవతలగా గడువు పెట్టి, కొత్తది రాగానే పాతదాన్ని రద్దు చేస్తే మధ్యలో ఖాళీ ఉండదు. గడువే లేని హెచ్చరిక చేసే నష్టమూ చిన్నది కాదు. 2021 డిసెంబరులో జవాద్ తుపాను ముప్పుతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో వేలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 4వ తేదీన అది సముద్రంలోనే బలహీనపడి పూరీ వైపు మళ్లింది. అలాంటప్పుడు పాత ఎర్ర హెచ్చరిక తెర మీద అలాగే ఉండిపోతే, వచ్చేసారి అదే ఎరుపును నమ్మేదెవరు? గడువుతో కూడిన నిషేధం ఈ తీరానికి పరాయిది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలు వేటకు వెళ్లకూడదన్న సంగతి 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరమంతటికీ తెలుసు.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. గడువు ముగిసిందంటే ముప్పు తప్పిందనుకుంటారు గదా? నిజమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. గాలి తగ్గాక ఒడిశా కొండల్లో కురిసిన వాన వంశధారకు వరదై వచ్చింది. గాలి హెచ్చరిక చెల్లిపోయినా నది ముప్పు అప్పటికింకా తీరలేదు. ఈ కారణంగానే గడువు ముగియడం, ముప్పు తొలగడం అనే రెంటినీ వేర్వేరు కబుర్లుగా చూపాలి. మొదటిది యంత్రం చేయగల పని, రెండోది అధికారి చెప్పవలసిన మాట. గడువు తీరిన హెచ్చరికను యాప్ చడీచప్పుడు లేకుండా తుడిచెయ్యకూడదు. రంగు వెలిసేలా చేసి, ‘ఇది ఉదయం 9 గంటల వరకే. తర్వాతి సమాచారం ఇంకా అందలేదు, సురక్షిత ప్రాంతంలోనే ఉండండి’ అని చూపాలి. సిగ్నల్ తెగిపోయిన మందస, కవిటి మండలాల్లో ఇంత చెప్పినా చాలా మేలు.

రేవులో సూచిక దించే మనిషికి ఆ పని విధి. హెచ్చరికల ప్రమాణంలో ముగింపు వేళ మాత్రం ఇష్టముంటే నింపే గడి. మనదేశంలో వెలువడే ప్రతి హెచ్చరికలోనూ దాన్ని నింపక తప్పని గడిగా మార్చాలి. అది ఖాళీగా ఉంటే వ్యవస్థ ఆ సందేశాన్ని తీసుకోకుండా, అక్కడికక్కడే పంపినవారిని గడువు అడగాలి.