పాత డీజిలు బండి: దాని వేడి, దాని నీరు



అంబాసిడరు కారు తయారీ 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. టాటా సుమో 1994లో వచ్చి 2019లో ఆగిపోయినది. అయినను ఆ డీజిలు బండ్లును, పాత జీపులును మన పల్లెలలో ఇంకను తిరుగుచునే యున్నవి. సంతకు మూటలు చేర్చుటకును, రోగిని పట్టణమునకు కొనిపోవుటకును అవి అక్కరకు వచ్చుచున్నవి. అట్టి బండి నడిత్రోవలో నిలిచిపోయినచో ఆపద యజమానునికి మాత్రమే కాదు, నమ్మి యెక్కినవారందరికిని కలుగును.

ఈ పాత బండ్లకు తరచుగ వచ్చు జబ్బులు రెండు కలవు. ఇంజను చాలసేపటివరకు వేడెక్కకుండుట మొదటిది. రేడియేటరులోని నీరు దినదినము తరిగిపోవుట రెండవది. నీరు తరిగినచో అందరును భయపడుదురు. ఇంజను వేడెక్కకున్నచో మాత్రము, “చల్లగనే యున్నది గదా, మంచిదే” యని సంతోషింతురు. ఈ సంతోషము తగదు. వేడి హెచ్చైన ఇంజను ఒక్క దినమున పాడగును. వేడి చాలని ఇంజను కొన్ని యేండ్లలో అరిగిపోవును. రెండును ఒకే నీటిత్రోవలోని జబ్బులు. కావున రెంటిని కలిపి పరీక్షింపవలెను.

జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిలు 1897లో జయప్రదముగ నడిపి చూపిన ఇంజనుకు ఆయన పేరే నిలిచినది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ యిచ్చు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనుకు అది లేదు. సిలిండరులోని గాలిని సుమారు ఇరువదవ వంతునకు నొక్కగా, ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందు చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. చుట్టునున్న ఇనుము చల్లగా నున్నచో ఆ వేడి గోడలకు పోవును, డీజిలు కొంత మండక మిగిలిపోవును. వేకువను తెల్లని పొగ వచ్చి కండ్లు మండించుటకు తరచుగ కారణమిదే.

డీజిలు ఇంజను పొదుపరి. ఊరక నిలిచి తిరుగుచున్నపుడు మిక్కిలి తక్కువ నూనెను కాల్చును, కావున నీటికి చేరు వేడియు తక్కువ. లంబసింగి, అరకు, ఆదిలాబాదు ప్రాంతములలో శీతకాలపు వేకువల బండిని వాకిట నిలిపి అరగంట తిప్పినను ముల్లు లేవకున్నచో అది జబ్బు కానక్కరలేదు. చాలసేపు నిలిపి తిప్పుట వలన లాభమును లేదు. ఒకటి రెండు నిమిషములు తిరుగనిచ్చి, పిదప మెల్లగ నడుపుటయే మేలు. అట్లు పది పదిహేను నిమిషములు నడిపిన తరువాతను ముల్లు తన మామూలు స్థానమునకు రాకున్నను, వచ్చి పల్లమున దిగునపుడు మరల పడిపోవుచున్నను, అపుడు జబ్బు కలదని శంకింపవలెను.

ఇంజను లోపలి నీరు సిలిండరుల చుట్టు తిరిగి, తలభాగమునకెక్కి, పైగొట్టము ద్వారా రేడియేటరునకు పోయి, అచట చల్లబడి, క్రిందిగొట్టము ద్వారా పంపునకు తిరిగి వచ్చును. పెక్కు పాత బండ్లలో తలభాగమును విడిచి పోవు చోట థర్మోస్టాటు అను చిన్న కవాట మొకటి యుండును. అది చెరువు తూము వంటిది. దాని నడుమ ఇత్తడి గిన్నెలో మైనము ఉండును. నీరు చల్లగా నున్నంతవరకు తూము మూసికొని యుండును, రేడియేటరునకు నీరు పోదు, ఇంజను త్వరగ వేడెక్కును. నీరు 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో చేరగనే మైనము కరగి ఉబ్బి తలుపును తెరచును. ఏ డిగ్రీకి తెరచునో ఆ అంకె కవాటముపై ముద్రించి యుండును.

మన వేసవికి జడిసి పలువురు ఈ థర్మోస్టాటును తీసివేయించుచున్నారు. తూమునకు తలుపే లేనిచో నీరు ఎల్లప్పుడు పారునట్లే, బండి యెత్తిన క్షణమునుండి నీరు రేడియేటరునకు పోయి చల్లబడుచునే యుండును. అపుడు మండని డీజిలు సిలిండరు గోడలపై నున్న ఆయిలును కడిగివేయును. కొంత క్రిందికి జారి ఆయిలులో కలిసి దానిని పలుచన చేయును. పొగలోని తేమ చల్లని ఇనుముపై నీరై, గంధకముతో కూడి ఆమ్లమగును. గోడలు, రింగులు అరుగును. డీజిలు ఖర్చు హెచ్చును. మరి వేసవిలోనైనను మేలు కలుగునా యనిన, అదియు లేదు. మంచి థర్మోస్టాటు వేడిలో పూర్తిగ తెరచుకొనియే యుండును. కొన్ని ఇంజనులలో దానిని తీసివేసినచో, వేడినీరు రేడియేటరునకు పోక అడ్డదారిని మరల ఇంజనులోనికే మరలును. వేడి తగ్గుటకు బదులు హెచ్చును. బండి కాగుచున్నదనిన, పూడిన రేడియేటరును, వదులైన బెల్టును, నీటి కారుడును వెదకవలెను గాని తూము తలుపును పెరికివేయరాదు.

థర్మోస్టాటును పరీక్షించుట సులభము. ఇంజను పూర్తిగ చల్లారియున్న వేకువను బండి నెత్తి, రేడియేటరునకు పోవు పైగొట్టమును అప్పుడప్పుడు చేతితో తాకి చూడుడు. అంతకు ముందు కండువా తీసి, పంచె బిగించుకొనవలెను. ఫానును బెల్టును చేతికి దూరముగ నుండవలెను. కొంతసేపు గొట్టము చల్లగ నుండి, పిదప ఒక్కసారిగ వేడెక్కినచో కవాటము మంచిది. మొదటినుండియు ఇంజనుతోపాటు కొద్దికొద్దిగ వేడెక్కుచున్నచో, అది తెరచుకొని బిగిసిపోయినదని గాని, అసలే లేదని గాని గ్రహింపవలెను. దానిని ఊడదీసి, దారముతో కట్టి, అడుగును తాకకుండ నీటిగిన్నెలో వ్రేలాడదీసి, వేడికొలత పెట్టి కాచినచో నిశ్చయముగ తెలియును. చన్నీటిలోనే తెరచియున్నచో పనికిరాదు. ముద్రించిన అంకె దాపున తెరచుట ఆరంభించినచో మంచిది.

ఇచట మిక్కిలి మెలకువ వహింపవలసిన సంగతి యొకటి కలదు. ముల్లు చల్లన చూపుచున్నంత మాత్రమున ఇంజను చల్లగ నున్నదని నమ్మరాదు. వేడిని కొలుచు సాధనము నీటిలో మునిగి యుండవలెను. నీరు తరిగి అది గాలిలో మిగిలినచో, ఇంజను కాలిపోవుచున్నను ముల్లు క్రిందనే యుండవచ్చును. కావున ముల్లు లేవకున్నపుడు మొదట చూడవలసినది థర్మోస్టాటును గాదు, నీటిమట్టమును. రెండు జబ్బులను కలిపి పరీక్షింపవలెనని మొదట చెప్పుట ఇందువలననే.

నీటిమట్టము చూచుట ఇంజను చల్లారిన పిమ్మటనే. రేడియేటరు మూత వట్టి మూత కాదు. లోపల ఒత్తిడిని నిలుపు కవాటము. ఒత్తిడి వలన లోపలి నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. వేడిమీద మూత తిప్పినచో ఒత్తిడి పోయి, ఆ నీరు తటాలున ఆవిరియై ముఖముపై చిమ్మును. ఇట్లు కాలినవారు పలువురు కలరు. పైగొట్టమును చేతితో సుఖముగ పట్టుకొనగల్గునంతవరకు, గంటయైనను సరే, ఆగవలెను. పిదపను దళసరి గుడ్డ వేసి మెల్లగ తిప్పవలెను. కాగిన ఇంజనులో చన్నీరు గ్రుమ్మరించుటయు కూడదు. తలభాగపు లోహము పగులవచ్చును.

నీరు తరుగుచున్నదని తెలిసినచో గండి యెచట నున్నదో వెదకవలెను. రాత్రి బండి క్రింద పాత అట్టముక్కలు పరచి, ఉదయమున తడి యే చోట పడెనో చూడుడు. కూలెంటు రంగుగల్గి, వ్రేళ్ళకు జిగటగ తగులును. డీజిలు వాసన బట్టి తెలియును. ఆయిలు నల్లగ నుండును. నోట వేసికొని మాత్రము చూడరాదు. పిదప పైనుండి క్రిందికి వరుసగ చూడవలెను: మూత రబ్బరు, గొట్టములు, వాని క్లిప్పులు, రేడియేటరు అతుకులు, ఇంజను ప్రక్కనున్న గుండ్రని రేకు బిళ్ళలు, పంపు. ఎండిపోయిన తెల్లని, ఆకుపచ్చని, త్రుప్పురంగు చారికలు గండిని చూపును. పంపు క్రింద చిన్న రంధ్రమొకటి యుండును. దానినుండి చుక్కలు పడుచున్నచో పంపు లోపలి సీలు పోయినదని అర్థము. రంధ్రమును మూసి లాభము లేదు.

కొన్ని గండ్లు చల్లనివేళ మాత్రమే కారును. ఇంజను వేడెక్కి క్లిప్పు బిగిసినంతనే ఆగును. మరికొన్ని ఒత్తిడి యున్నపుడే కారి, ఆరిపోవును. అట్టివానికి మెకానిక్కు వద్దనుండు చేతిపంపుతో, ఇంజను చల్లగ నున్నపుడు, మూతపై ముద్రించిన ఒత్తిడి మేరకే గాలి యెక్కించి, పది నిమిషములు ముల్లు నిలుచునేమో చూపించుకొనవలెను.

వెలుపల చుక్కయైన లేక నీరు తరుగుచున్నచో గండి లోపల నున్నదేమో చూడవలెను. తలభాగమునకు దిగువభాగమునకు నడుమ నుండు గాస్కెటు పోయినచో, ఆయిలు కడ్డీపై మజ్జిగవంటి పదార్థము కనిపించవచ్చును. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లని పొగ తియ్యని వాసనతో వచ్చుచుండవచ్చును. బండి యెత్తిన కొలది నిమిషములకే, నీరింకను చల్లగ నుండగనే, గొట్టములు రాయివలె బిగియవచ్చును. ఆయిలు పోయు మూత క్రింద మాత్రమే కొంచెము తెల్లని మీగడ కనిపించినచో తొందరపడి ఇంజను విప్పింపరాదు. చల్లని ఇంజనుతో చిన్నచిన్న ప్రయాణములు చేయు బండికి తేమ వలన అదియు కలుగును. కడ్డీని కూడ చూచి నిశ్చయింపవలెను. కాని, నీరు తరుగుచున్న బండి యొక ఉదయమున స్టార్టరుకు తిరుగక బిగిసినచో బలవంతము చేయకుడు, త్రోయించకుడు. సిలిండరులో నీరు చేరియుండవచ్చును. నీరు నొక్కుడుపడదు, లోపలి కనెక్టింగు రాడ్డు వంగును.

గండి మూయుటకు రేడియేటరులో పసుపు వేయు వాడుక డ్రైవర్లలో కలదు. అది త్రోవలో చిక్కినపుడు ఇల్లు చేరుటకు పనికివచ్చునేమో గాని, ఇంటివద్ద చేయదగిన వైద్యము కాదు. గండిని పూడ్చు పొడి సన్నని గొట్టములను కూడ పూడ్చును. బోరునీరును అట్టిదే. నీళ్ళు కాచు పాత్ర అడుగున తెల్లని గార కట్టునట్లు ఇంజను లోపలను కట్టి, వేడిని నీటికి చేరనీయదు. బ్యాటరీలకు వాడు శుద్ధజలమును, బండికి తగిన కూలెంటును, డబ్బాపై చెప్పిన పాళ్ళలో కలిపి పోయవలెను. మంచు పడని మనకు కూలెంటు ఏల యనరాదు. అది త్రుప్పు పట్టకుండ కాచును, మరుగు డిగ్రీని పెంచును.

అయితే కూలెంటులో సాధారణముగ నుండు ఇథిలీను గ్లైకాలు విషము. అది తియ్యగ నుండును, కావున కుక్కలు, దూడలు నాకును, పిల్లలును త్రాగవచ్చును. మూత్రపిండములు చెడి ప్రాణము పోవును. పాత కూలెంటును వాకిట గాని, కాలువలో గాని పారబోయక, మూతగల డబ్బాలో పట్టి మెకానిక్కునకు అప్పగింపవలెను. త్రాగునీటి సీసాలలో ఎన్నడును నిలువ చేయరాదు.

మీ ఇండ్లలో పాలలెక్కకు, కూలిలెక్కకు పుస్తకములున్నవి. అందొక పుట బండికి కేటాయింపుడు. వారమున కొకసారి, వేకువను, ఇంజను చల్లగ నున్నపుడు నీటిమట్టమును గీత పెట్టి చూచి, తేదీని, తిరిగిన కిలోమీటర్లను, పోసిన నీటిని వ్రాయుడు. నెల తిరుగునప్పటికి ఆ పుటయే జబ్బును చెప్పును. మెకానిక్కునొద్దకు పోయినపుడు “బండి బాగులేదు” అనుటకన్న, “ఇన్ని కిలోమీటర్లకు ఇంత నీరు పోయినది, ముల్లు పల్లమున పడిపోవుచున్నది” యని చెప్పగలిగినచో సగము వైద్యము జరిగినట్లే. డ్రైవరు యువకుడై యుండవచ్చును; ఆ పుటను అడిగి చూచు బాధ్యత మాత్రము ఇంటి పెద్దదే.